వేగము ఎవరిది? కొలిచినది ఎవరు?

కొంతకాలము క్రిందట డిగ్రీ తరగతికి మేము ఒక చిన్న పరీక్ష పెట్టినాము. అందులోని ఒక ప్రశ్న ఇది: "ప్లాట్‌ఫారము మీద నిలిచిన ఒక వ్యక్తికి రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తూ కనిపించినవి. ఒక్కొక్క దాని వేగము కాంతి వేగములో ముప్పాతిక వంతు. అతని కొలత ప్రకారము ఆ రైళ్ల మధ్య దూరము ఏ వేగముతో తగ్గుతున్నది?" ఒక విద్యార్థిని "కాంతి వేగమునకు ఒకటిన్నర రెట్లు" అని వ్రాసినది. మేము ఆ జవాబును ఎర్ర సిరాతో కొట్టివేసి, ప్రక్కన "కాంతిని మించిన వేగము లేదు" అని వ్రాసి, సున్న వేసినాము.

ఆమె పేపరు పట్టుకొని స్టాఫ్ రూముకు వచ్చినది. "సార్, ఇక్కడ కొలిచినది ప్లాట్‌ఫారము మీది మనిషి కదా, రైలులోని మనిషి కాదు కదా?" అని అడిగినది. మేము సూత్రమును మరొకసారి అప్పగించి ఆమెను పంపివేసినాము. మేము చదివినది గణితము. సూత్రము నోటికి వచ్చినచో విషయము తలకెక్కినట్లే అని భ్రమపడు దుర్గుణము గణితము చదివినవారిలో ఒకింత ఎక్కువ. ఆ రాత్రి కాగితము ముందు పెట్టుకొని నింపాదిగా ఆలోచించిన తరువాత తెలిసినది, ఆమె జవాబే సరియైనది! మరునాడు తరగతిలో అందరి ఎదుట ఆ సంగతి ఒప్పుకొని మార్కులు వేసినాము. అయినను ఆమె ప్రశ్నకు తగిన సమాధానము మేము ఇంకను ఋణపడియే ఉన్నాము. ఆ ఋణము తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

పేరులోనే ఉన్న అర్థము

"సాపేక్షము" అనగా అపేక్షతో కూడినది, అనగా మరియొక దానిని ఆశ్రయించి అర్థము పొందునది. ఉర్దూలో ఈ సిద్ధాంతమునకు "నజరియ-ఎ-ఇజాఫియత్" అని పేరు. ఉర్దూ చదువుకొను మా విద్యార్థులకు "ఇజాఫత్" అను మాట కొత్తది కాదు. "దర్ద్-ఎ-దిల్" అన్నప్పుడు రెండు మాటల నడుమ నిలిచి, బాధ దేనిదో తెలుపు ఆ చిన్న "ఎ" కారమే ఇజాఫత్. ఒక మాటను మరొక మాటకు ముడివేయుట దాని పని. ఈ విధముగా రెండు భాషలును ఒకే సంగతిని చెప్పుచున్నవి. వేగము ఒంటరిగా నిలువగల మాట కాదు. "ఈ వస్తువు వేగము ఇంత" అన్నచో అది సగము వాక్యము మాత్రమే. "ఎవరి కొలత ప్రకారము?" అను ప్రశ్నకు జవాబు చేరినప్పుడే వాక్యము పూర్తియగును.

ఈ సంగతి ఐన్‌స్టయిన్‌తో మొదలైనది కాదు. ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో 1632లో ప్రచురించిన గ్రంథములో ఒక ఓడను ఉదాహరణగా తీసుకొన్నాడు. ఓడ కుదుపు లేకుండ సమవేగముతో సాగునప్పుడు, లోపలి గదిలో ఉన్నవానికి తాను కదులుచున్నట్లు తెలిపెడి పరీక్ష ఏదియు లేదని చూపినాడు. రైలులో ప్రయాణించిన ప్రతివారికి ఇది అనుభవమే. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు రైలులో ఒకడు గంటకు 5 కిలోమీటర్ల వేగముతో ఇంజను వైపు నడచినచో, కట్ట మీద నిలిచినవానికి అతని వేగము 65 అని మనము తడుముకొనకుండ చెప్పుదుము. ఈ కూడికను రెండు వందల సంవత్సరములకు పైగా ఎవరును శంకించలేదు.

కాంతి తెచ్చిన చిక్కు

చిక్కు కాంతి వలన వచ్చినది. భూమి సూర్యుని చుట్టు సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో తిరుగుచున్నది. కూడిక నియమము కాంతికి కూడ వర్తించినచో, భూమి కదులు దిశలో ఒక విధముగను, అడ్డముగా మరియొక విధముగను కాంతి ప్రయాణకాలములు ఉండవలెను. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున 1887లో మైకెల్‌సన్, మోర్లీ అను ఇరువురు ఈ భేదమును పట్టుటకు మిక్కిలి సున్నితమైన ప్రయోగము చేసినారు. ఎదురుచూచిన భేదము కనబడలేదు.

స్విట్జర్లాండులో బెర్న్ నగరపు పేటెంటు కార్యాలయములో పనిచేయుచున్న 26 ఏండ్ల ఐన్‌స్టయిన్ 1905లో ఒక వ్యాసము ప్రకటించినాడు. దానికి ఆధారములు రెండే. ఒకటి, సమవేగముతో కదులు వారందరికి ప్రకృతి నియమములు ఒక్కటే. రెండు, శూన్యములో కాంతి వేగము, దానిని వెలువరించిన దీపము కదులుచున్నను కదలకున్నను, ఒక్కటే. ఈ రెంటిని కలిపి చూచినచో, ఎవరు కొలిచినను కాంతి వేగము మారదని తేలును. ఆ వేగము సెకనుకు 2,99,792 కిలోమీటర్లకు కొంచెము పైన. 1983 నుండి మీటరు నిర్వచనమే ఈ వేగము మీద ఆధారపడి ఉన్నది.

మొదటి ఆధారము గెలీలియో నాటిదే. రెండవది అంగీకరించినచో 60కి 5 కలిపిన పాత కూడిక నిలువదు. ఎట్లు నిలువదో సూత్రము లేకుండ, బోగీలను లెక్కపెట్టి చూతము.

ముప్పది బోగీల రైలు

ముప్పది బోగీల రైలు ఒకటి ఊహించండి. అది కాంతి వేగములో సగము వేగముతో పోవుచున్నది. అట్టి రైలు లేదు. అయినను ఊహకు టికెట్టు అక్కరలేదు. చివరి బోగీ వెనుక గోడ నుండి ఒక బంతియు, ఒక కాంతి పుంజమును ఒకేసారి ఇంజను వైపు బయలుదేరినవి. రైలులోనివారి కొలతలో బంతి వేగము కాంతి వేగములో సగము. కాంతి ముందు గోడకు తగిలి, అచటి అద్దము వలన వెనుకకు మరలి, ఎదురు వచ్చుచున్న బంతిని కలియును. ఏ బోగీలో కలియును?

మొదట రైలులోనివారి లెక్క. కాంతి 30 బోగీలు దాటునప్పటికి బంతి 15 దాటును. మిగిలిన 15 బోగీల ఎడములో కాంతి వెనుకకు 10, బంతి ముందుకు 5 పోవును. కావున వెనుక నుండి లెక్కించగా 20వ బోగీ చివర రెండును కలియును. కలిసినచోట గోడ మీద ఒక మచ్చ పడునట్లు ఏర్పాటు ఉన్నదనుకొనుడు. మచ్చ ఎచట పడినదను విషయములో ఎవరికిని అభిప్రాయభేదము ఉండదు. రైలులోనివారు చూచినను, కట్ట మీదివారు చూచినను అది 20వ బోగీ చివరనే ఉండును.

ఇప్పుడు కట్ట మీదివాని లెక్క. పాత కూడిక ప్రకారము బంతి వేగము సగము, సగము కలిసి సరిగా కాంతి వేగమంత. అట్లయినచో బంతియు కాంతియు ప్రక్కప్రక్కనే పోయి ముందు గోడను ఒకేసారి చేరవలెను. మచ్చ 30వ బోగీ చివర పడవలెను. ఒకే మచ్చ రెండు చోట్ల ఉండదు కదా! కావున కూడిక తప్పు.

బంతి వేగము కాంతి వేగములో పదింట ఎనిమిది వంతులు, అనగా 0.8 అనుకొని చూడండి. కట్ట మీదివానికి కాంతి వేగము 1, రైలు వేగము 0.5. కాంతి బోగీలను 0.5 చొప్పునను, బంతి 0.3 చొప్పునను దాటిపోవుచుండును. కాంతి 30 బోగీలు దాటునప్పటికి బంతి 18 దాటును. మిగిలిన ఎడము 12. మరలి వచ్చు కాంతికి రైలు ఎదురు వచ్చును కావున అది బోగీలను 1.5 చొప్పున దాటును. బంతి 0.3 చొప్పుననే దాటును. అనగా ఐదింటికి ఒకటి. పండ్రెండులో కాంతి 10, బంతి 2. పదునెనిమిదికి రెండు కలుపగా 20. మచ్చ సరియైన చోటనే పడినది!

ఏ వేగములకైనను ఇట్లే లెక్కించినచో వచ్చు నియమము ఇది. కాంతి వేగమును 1గా తీసుకొని, రెండు వేగములను అ, ఆ అన్నచో, ఫలిత వేగము = (అ + ఆ) ÷ (1 + అ × ఆ). మన ఉదాహరణలో 1ని 1.25తో భాగించగా 0.8. రెండింటిలో ఒకటి కాంతియే అయినచో పైనను క్రిందను ఒకే సంఖ్య వచ్చి ఫలితము 1 అగును. కాంతికి ఏమి కలిపినను కాంతియే.

కూడికలో దాగిన పొరపాటు

పాత కూడికలో తప్పు ఎక్కడ ఉన్నది? వేగమనగా దూరమును కాలముతో భాగించినది. బంతి వేగమును రైలులోని కొలబద్దతోను, రైలులోని గడియారముతోను కొలిచినాము. రైలు వేగమును కట్ట మీది కొలబద్దతోను, గడియారముతోను కొలిచినాము. ఆ కొలతలు రెంటికిని ఒకటే అని మనము అడుగకుండనే నమ్మినాము. కదులువారి గడియారములును కొలబద్దలును మన వానితో ఏకీభవించవని సాపేక్షతా సిద్ధాంతము చెప్పుచున్నది. ఒకరు గజములలోను, మరియొకరు మీటర్లలోను కొలిచిన గుడ్డను అంకెలు మాత్రమే చూచి కలిపినచో బట్టల దుకాణము మూతపడును. మనము చేసినది అదే.

నిత్యజీవితములో ఈ భేదము ఏల కనబడదు? ఎదురెదురుగా గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు రెండు రైళ్ల సాపేక్ష వేగము 200 కన్న తక్కువే. ఆ తక్కువ ఎంత? ఒక గంటలో రెండు నానోమీటర్లు కూడ కాదు. అది తలవెంట్రుక మందములో పదివేలవ వంతునకు కూడ చాలదు. కావున మన పెద్దల కూడిక అసత్యము కాదు. చిన్న వేగములకు చక్కగా సరిపడు ఉజ్జాయింపు.

ఆ విద్యార్థిని ఏల సరియైనది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పై లెక్కలో కట్ట మీదివాడు "కాంతి బోగీలను 1.5 చొప్పున దాటును" అన్నప్పుడు మీలో ఎవరైనను ఉలికిపడినారా? అది దోషము కాదు. ఒకే వ్యక్తి, తన కొలబద్దతోను తన గడియారముతోను, రెండు వస్తువులను కొలిచి, వాని మధ్య ఎడము ఎంత వేగముగా తగ్గుచున్నదో చెప్పినాడు. కొలతలన్నియు ఒకరివే కావున మామూలు కూడికయే చెల్లును. ఆ ఎడము ఒక వస్తువు కాదు, ఒక సందేశమును మోసుకొని పోవునది కాదు. అది కాంతి వేగమునకు ఒకటిన్నర రెట్లు తగ్గినను ఏ నియమమునకును భంగము లేదు. అట్టి తరుగుదల రెండు రెట్ల వరకు పోవచ్చును.

"ఒక రైలు డ్రైవరు రెండవ రైలు వేగమును తాను కొలిచినచో ఎంత?" అనునది వేరొక ప్రశ్న. అదియే సాపేక్ష వేగము. అక్కడ కొత్త నియమము వాడవలెను. 1.5ను 1.5625తో భాగించగా 0.96. ఇది కాంతిని ఎన్నటికిని మించదు. మేము అడిగినది మొదటి ప్రశ్న. మా మనస్సులో ఉన్నది రెండవ ప్రశ్నకు జవాబు. ప్రశ్న వ్రాసిన మాకంటె చదివిన ఆమెయే దానిని శ్రద్ధగా చదివినది.

ప్రయోగముల సాక్ష్యము

ఊహారైలు మాట అట్లుంచి, ప్రకృతి ఏమనుచున్నది? ఫ్రాన్సు దేశీయుడు ఫిజో 1851లో, అనగా ఐన్‌స్టయిన్ పుట్టుటకు పూర్వమే, పారు నీటి గుండ కాంతిని పంపి పరీక్షించినాడు. నిలిచిన నీటిలో కాంతి వేగము శూన్యములోని వేగములో సుమారు ముప్పాతిక. నీరు కదిలినప్పుడు దాని వేగము మొత్తము కాంతికి కలియవలెనని పాత కూడిక చెప్పును. కలిసినది అందులో సగము కూడ లేదు, సుమారు 44 శాతము మాత్రమే. కొత్త నియమములో 0.75 వేసి చూచినచో ఈ అంకెయే వచ్చునని 1907లో జర్మను శాస్త్రజ్ఞుడు లావె చూపినాడు. జెనీవా వద్దనున్న సెర్న్ ప్రయోగశాలలో 1964లో, కాంతి వేగములో 99.97 శాతమునకు పైగా వేగముతో పరుగెత్తు పయాను కణములు విచ్ఛిన్నమై వెలువరించిన కిరణముల వేగమును కొలిచినారు. పాత కూడిక ప్రకారము ఇంచుమించు రెండు రెట్లు ఉండవలెను. ఉన్నది కాంతి వేగమే.

ఈ సిద్ధాంతము మన దేశమునకు ఆలస్యముగా రాలేదు. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోసు జర్మను భాష నుండి ఐన్‌స్టయిన్ వ్యాసములను ఇంగ్లీషులోనికి అనువదించగా 1920లో కలకత్తా విశ్వవిద్యాలయము ప్రచురించినది. అంతకు మూడేండ్ల ముందే, 1917లో, హైదరాబాదులో స్థాపితమైన దారుత్తర్జుమా శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చు పనికి పూనుకొన్నది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో కళాశాలల పాఠ్యగ్రంథములను సిద్ధము చేసినది. ఏ భాషలో చదివినను, "ఎవరి కొలత?" అని అడుగనివానికి ఆ పుస్తకములు అలమారలో ఉన్నట్లే.

విద్యార్థులారా, సూత్రమును మరచినను మరల వ్రాసుకొనవచ్చును. ముప్పది బోగీలు లెక్కపెట్టినచో అది తిరిగి వచ్చును. మార్కులు తగ్గినప్పుడు ఆ విద్యార్థిని వలె పేపరు పట్టుకొని రండి. వచ్చి, "సార్, కొలిచినది ఎవరు?" అని అడుగండి. ఈసారి మేము సూత్రము అప్పగించి పంపము. కుర్చీ వేసి కూర్చుండబెట్టెదము.