కట్టుగుడ్డ పొట్లము – మన బాధ్యత

మన సత్రపట్టి మగ్గములపై నేసిన కట్టుగుడ్డ దూరప్రాంతములవారి గాయములకును రక్షణ యగుచున్నది. నాసిరకపు గుడ్డను పేరుగల పొట్లములో నింపి యమ్మినచో రోగికి పుండు చీముపట్టును. నిజాయితీగా నేసినవాని పేరు చెడును. గుడ్డ శుద్ధమైనదో కాదో కంటికి తెలియదు. కావుననే 2017 నాటి వైద్యపరికరముల నియమావళి పొట్లముపై తయారీదారుని పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ ఉండవలెనని విధించినది.

తల్లిదండ్రులారా! కొనునపుడు వీనిని చూడుడు. ఆంగ్లము రానిచో మీ బిడ్డచేత చదివించుకొనుడు. ‘స్టెరైల్’ అని యున్న పొట్లము చినిగినచో తీసికొనకుడు. రసీదు అడుగుడు. వాడిన సిరంజిని మరల వాడనీయకుడు. ఖాళీ పొట్లమును కత్తిరించి పారవేయుడు. లేనిచో దొంగసరకు దానిలోనే దాగి మరల అంగడికెక్కును. చదువు పరీక్షకే కాదు, పొట్లము చదువుటకును పనికిరావలెనని మేము కోరుచున్నాము.