సంతకం పెట్టే ముందు

"అమ్మా! బడిలో కాగితం ఇచ్చారు. సంతకం పెట్టవా?"

మీది తుమ్మపాల అనుకోండి. నాలుగో తరగతి చదివే మీ అమ్మాయి ఇలా అడిగింది అనుకోండి. మీరు కాగితం తీసుకొని కూడబలుక్కుంటూ చదివారు. అందులో ఇలా ఉంది:

"శనివారం పిల్లలను శంకరం దగ్గరి బొజ్జన్నకొండకు తీసుకువెళ్తాం. పిల్లలు కొండ ఎక్కుతారు. చెట్ల కింద భోజనం చేస్తారు. సాయంత్రం తిరిగి వస్తారు. ఇష్టమైతే సంతకం చేయండి."

చదవగానే గుండె గుబేలుమంటుంది. కాలు జారితే? పాము కరిస్తే? "ఆడపిల్లకు కొండలెందుకు? అన్నయ్యను పంపుదాంలే" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు కూడా.

కన్నతల్లికి భయం ఉంటుంది. అందులో తప్పు లేదు. అయితే భయపడి కాగితం పక్కన పడేయకండి. ముందు సంగతి తెలుసుకుందాం.

సాహస శిబిరం అంటే ఏమిటి?

పిల్లలు ఇలా ఆరుబయట గడిపి నేర్చుకోవడాన్ని సాహస శిబిరం అంటారు. సాహసం అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడం కాదు. ఎప్పుడూ చేయని పనిని జాగ్రత్తగా చేయడం.

పిల్లలు ఇద్దరిద్దరు జట్టుగా నడుస్తారు. ఒకరిని ఒకరు కనిపెట్టుకొని ఉంటారు. తాడుతో ముడి వేయడం నేర్చుకుంటారు. పొద్దును చూసి దిక్కులు చెబుతారు. దెబ్బ తగిలితే కట్టు కట్టడం నేర్చుకుంటారు. తిన్న చోట చెత్త ఎత్తేస్తారు. ఇవన్నీ చదువే.

కొండ కూడా పాఠం చెబుతుంది

బొజ్జన్నకొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారు. భిక్షువులు ఉండే చోటును సంఘారామం అంటారు. ఆ మాటే వాడుకలో శంకరం అయిందని చెబుతారు. కొండ రాతినే తొలిచి గుహలు, స్తూపాలు చేశారు. ఒక గుహలో పదహారు స్తంభాలు ఉన్నాయి. మట్టిలో కప్పడిపోయిన కట్టడాలు 1906లో తవ్వకాలు జరిపితే బయటపడ్డాయి.

కనుమ పండుగనాడు మనం ఆ కొండకు వెళ్తాం. తీర్థం చూసి వస్తాం. మరి ఆ స్తంభాలను ఎప్పుడైనా లెక్కపెట్టామా? పిల్లలు లెక్కపెడతారు. ఇంటికొచ్చి మనకు చెబుతారు.

పూర్ణ సంగతి విన్నారా?

మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం. గిరిజన కుటుంబం. అమ్మానాన్నలు కూలి చేసుకొని బతికేవారు. పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. మొదట భువనగిరి కొండరాయి మీద ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. లోకంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం అదే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకు ముందు లేదు.

మన పిల్లలందరూ ఎవరెస్టు ఎక్కనక్కర లేదు. కానీ పూర్ణను కూడా "ఆడపిల్లకు కొండలెందుకు?" అని ఆపేస్తే ఏమయ్యేది?

ఇవి అడగండి

సంతకం పెట్టే ముందు బడికి వెళ్ళి మాస్టారిని అడగండి. అడగడం మన హక్కు.

1. ఎంతమంది పిల్లలు వెళ్తున్నారు? పెద్దవాళ్ళు ఎందరు?
2. ఆడపిల్లల వెంట టీచరమ్మ ఉంటారా?
3. తాగే నీళ్ళు ఎక్కడివి? మరుగు ఎక్కడ?
4. మందుల పెట్టె ఉందా? దగ్గర్లో ఆసుపత్రి ఏది?
5. బయలుదేరేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు పిల్లలను లెక్కపెడతారా?
6. శారదా నదిలోకి, చెరువులోకి పిల్లలు దిగకుండా ఎవరు చూస్తారు?

పిల్లకు ఆయాసం, మూర్ఛ వంటి జబ్బు ఉంటే దాచకండి. ముందే చెప్పండి. సరైన జవాబు రాకపోతే, "ఇవి సరిచేయండి, అప్పుడు పంపుతాం" అనండి. నలుగురు తల్లులు కలిసి అడిగితే పని తొందరగా అవుతుంది.

పిల్లకు ఇవి చెప్పండి

కాళ్ళకు చెప్పులు, నెత్తికి టోపీ ఉండాలి. సీసాతో నీళ్ళు, వేరుశెనగ పప్పు, బెల్లం ముక్క ఇవ్వండి. రాళ్ళ సందుల్లో చేతులు పెట్టవద్దని చెప్పండి. ఉరుము వినిపిస్తే చెట్టు కింద నిలబడకూడదు. కొండ దిగి గట్టి కప్పున్న ఇంట్లోకి చేరాలి. పాము కరిస్తే కోయకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

ఇప్పుడు మళ్ళీ కాగితం చేతిలోకి తీసుకోండి. ఒకప్పుడు ఎవరో చదివి చెబితే వేలిముద్ర వేసేవాళ్ళం. ఇప్పుడు మనమే చదివాం. మనమే అడిగాం. నమ్మకం కుదిరింది. ఇక మన చేత్తో మనమే సంతకం పెడదాం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ చిన్నప్పుడు ఎక్కాలనుకొని ఎక్కలేకపోయిన కొండ ఉందా? ఎవరు ఆపారు?
2. మీ ఊరి బడి పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్తే బాగుంటుంది?
3. బడి పెద్దలకు మీరు అడిగే ప్రశ్న ఒకటి పలక మీద రాయండి.