ప్రొద్దుటూరి శశిరేఖ

శశిరేఖ అనగానే తెలుగువారి కన్నుల ముందు నిలిచేది సావిత్రి. 1957లో విజయా వారి ‘మాయాబజార్’ వెలువడిన పిమ్మట ఆ పాత్రను మరొక రూపంలో ఊహించుకోవడం మన ప్రేక్షకులకు సాధ్యం కాలేదు. 1960లో వచ్చిన ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’లో పద్మావతి పాత్ర కూడా సావిత్రికే దక్కినది. కాని ఈ రెండు పాత్రలనూ సరిగా 21 సంవత్సరాలకు ముందు వెండితెరపై ధరించిన నటి ఒకరున్నారు. 1936లో శశిరేఖ ఆమెయే, 1939లో పద్మావతి ఆమెయే. ఆమె శాంతకుమారి. స్వస్థలం కడప జిల్లాలోని ప్రొద్దుటూరు.

శాంతకుమారి అన్నది సినిమా ఇచ్చిన పేరు. 1920 మే 17న జన్మించిన ఆ బాలికకు ఇంటివారు పెట్టిన పేరు సుబ్బమ్మ. ఇంటిపేరు వెల్లాల. అది ప్రొద్దుటూరికి దాపున ఉన్న ఒక ఊరి పేరు కూడాను. రాయలసీమ అన్న పేరు అప్పటికింకా పుట్టలేదు. 1928లో నంద్యాల సభలో ఆ పేరు ఏర్పడే వరకు ఈ ప్రాంతాన్ని దత్తమండలమనే వ్యవహరించేవారు. తండ్రి శ్రీనివాసరావు రంగస్థల నటుడు. తల్లి పెద్ద నరసమ్మ శాస్త్రీయ సంగీతమూ, జానపద గీతాలూ రెండూ పాడగలిగిన విదుషీమణి. నటన ఒక వైపునుండి, గానం ఒక వైపునుండి వచ్చి ఆ పిల్లలో కలిశాయని అనుకోవచ్చును.

ఈ కలయికకు ఆ నేల తగినదే. పెన్నానది గండికోట కొండలను చీల్చుకొని, జమ్మలమడుగును దాటి, ప్రొద్దుటూరిని చేరుతుంది. కరవుసీమ అని పేరు పడినా కళలకు అక్కడ కరవు లేదు. పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ రచించినది ప్రొద్దుటూరులోనే. ఆ జిల్లాలోని సురభి గ్రామంలోనే వనారస వారు 1885లో ‘కీచకవధ’ను ప్రదర్శించి, తరతరాలుగా నిలిచిన నాటక కుటుంబానికి పునాది వేశారు. తక్కిన సమాజాలలో మగవారే ఆడవేషాలు కట్టుచున్న కాలంలో స్త్రీ పాత్రలను స్త్రీలకే ఇచ్చిన ఘనత సురభి వారిది. ఇక సినిమా సంగతి చెప్పనక్కరలేదు. నాటి పులివెందుల తాలూకాలోని కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థను నడిపించారు. ఆయన తమ్ముడు నాగిరెడ్డి చక్రపాణితో చేయి కలిపి విజయా సంస్థను, అంతకు ముందు ‘చందమామ’ను తెలుగువారికిచ్చారు. పులివెందుల ప్రాంతంలోని సింహాద్రిపురం నుండి వచ్చిన పద్మనాభం హాస్యనటుడై, నిర్మాతయై, 1967లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ ద్వారా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యాన్ని గాయకునిగా పరిచయం చేశారు. వీరందరి కంటె ముందుగా తెరమీదికి వచ్చినది ప్రొద్దుటూరి ఆడపిల్ల.

సుబ్బమ్మ మద్రాసులో ఆచార్య పి. సాంబమూర్తి వద్ద గాత్రమూ వాయులీనమూ అభ్యసించినది. సంగీత శాస్త్రాన్ని పాఠ్యగ్రంథాలుగా కూర్చి తరగతి గదిలోనికి తెచ్చిన పండితుడాయన. తరువాతి కాలంలో కర్ణాటక సంగీతంలో మహావిదుషిగా వెలసిన డి.కె. పట్టమ్మాళ్ ఆమెకు సహాధ్యాయిని. చదువు ముగిసిన పిమ్మట సుబ్బమ్మ మద్రాసులోని విద్యోదయ పాఠశాలలో పిల్లలకు సంగీతం నేర్పినది. జీతం నెలకు రెండు రూపాయలని చెప్పుకొంటారు. నాటి రూపాయికి విలువ హెచ్చే అయినా, సంగీతోపాధ్యాయుల దశ ఎట్టిదో ఆ అంకె చెప్పక చెబుతున్నది. వేల్ పిక్చర్స్ అధిపతి పి.వి. దాసు ‘మాయాబజార్’ తీయ సంకల్పించి, శశిరేఖ కొరకు వెదకుచు ఆ పాఠశాలలోనే ఆమెను చూచారు. పేరు మార్చినది కూడా ఆయనే. పదునారేండ్ల ఉపాధ్యాయిని కథానాయిక అయినది.

తెలుగు తెర మాటలు నేర్చి అప్పటికి నాలుగేండ్లే. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైన ఆ టాకీ యుగంలో నటన అంటే సగం గానమే. నేటి విద్యార్థులకు ఇది కొంత వింతగా తోచవచ్చును. ఒకరు పాడగా మరొకరు పెదవులు కదిపే నేపథ్యగానం అప్పటికి వాడుకలోకి రాలేదు. నటియే కెమెరా ముందు నిలిచి పాడవలెను. ఆ క్షణంలోనే శబ్దగ్రహణం జరుగవలెను. వాద్యగాండ్రు చెట్టు చాటుననో, తెర వెనుకనో, కెమెరా కంటికి అందని చోట కూర్చుండి వాయించేవారు. శ్రుతి తప్పినా, అడుగు తప్పినా, మాట తడబడినా మొత్తం మొదటికి వచ్చేది. అందమున్నంత మాత్రాన నడచే కాలం కాదది. సాంబమూర్తి శిష్యురాలిని వెదకి పట్టుకొనడంలో దాసు చేసిన ఎన్నిక ఎంత లెక్క గలదో దీనినిబట్టి గ్రహించవచ్చును.

మరుసటి సంవత్సరం ‘సారంగధర’ చిత్రంలో ఆమె నటించారు. దర్శకుడు నెల్లూరికి చెందిన పి. పుల్లయ్య. ఆ 1937లోనే వారిద్దరికీ వివాహమైనది. 1939లో పుల్లయ్య తిరుపతి వేంకటేశ్వరుని కథను ‘బాలాజీ’ అన్న మరో పేరుతో కూడా ప్రసిద్ధమైన చిత్రంగా తీసినప్పుడు స్వామి పాత్ర సి.ఎస్.ఆర్. ఆంజనేయులుది, పద్మావతి శాంతకుమారి. 1945లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాయాలోకం’లో ఆమె, యువకుడైన అక్కినేని నాగేశ్వరరావు ప్రధాన పాత్రధారులు.

ఇంతలో నేపథ్యగానం వచ్చినది. ముఖం ఒకరిది, కంఠం ఒకరిది కావడంతో గాయని అయిన నటికి గల విశేషం తగ్గినది. పైగా నాయిక వయస్సు ముప్పై దాటరాదన్న అలిఖిత శాసనం మన చిత్రసీమలో ఆనాడే ఉన్నది. నాయకులకు ఆ శాసనం వర్తించదు. 1949లో వాహినీ వారు షేక్‌స్పియరు ‘లియర్ రాజు’ నాటకపు ఛాయలో ‘గుణసుందరి కథ’ తీసినప్పుడు 29 ఏండ్ల శాంతకుమారికి లభించినది గుణసుందరి పాత్ర కాదు, ఆమె అక్కలలో ఒకతె అయిన రూపసుందరి పాత్ర. మరుసటి ఏడు విజయా వారి మొదటి చిత్రం ‘షావుకారు’లోనూ ఆమె ఉన్నారు. పులివెందుల సోదరుల సంస్థలు రెండింటిలో ప్రొద్దుటూరి నటికి ఈ విధంగా చోటు దొరికినది గాని, అది ఇక నాయిక చోటు కాదు.

ఈ మలుపులో చాలమంది నటీమణులు తెరమరుగైనారు. శాంతకుమారి కాలేదు. అందుకు కారణం ఆమె నటి మాత్రమే కాకపోవడం. భర్తతో కలసి రాగిణీ, పద్మశ్రీ అన్న సంస్థల పేర చిత్రనిర్మాణం సాగించిన గృహిణి ఆమె. ఆ తరంలో ఇట్టి దంపతుల సంస్థలు మరికొన్ని ఉన్నవి. కన్నాంబ, కడారు నాగభూషణం దంపతులది రాజరాజేశ్వరి. భానుమతి, రామకృష్ణలది భరణి. అంజలీదేవి, ఆదినారాయణరావులది అంజలీ పిక్చర్స్. నటి జీవితం నాలుగు చిత్రాలతో ముగియకుండా నిలిపినవి ఈ కుటుంబ సంస్థలే అనడం అతిశయోక్తి కాదు. అయితే వీనిలో ఎవరి పాలు ఎంత అన్నది తెరపై పడే పేర్లనుబట్టి తెలియదు. సముద్రానికి ఆవలి ఒడ్డున కూడా ఇదే తీరు. లండనులో 1918లో పుట్టి హాలీవుడ్ చేరిన నటి ఐడా లుపీనో, భర్త కాలియర్ యంగ్‌తో కలసి సొంత చిత్రాలు తీయ మొదలిడినారు. 1949 నాటి ‘నాట్ వాంటెడ్’ దర్శకుడు జబ్బుపడగా ఆమెయే చిత్రాన్ని పూర్తి చేశారు. దర్శకత్వం పేరు మాత్రం ఆయనదే. 1953లో ‘ది హిచ్ హైకర్’కు ఆమె పేరు దర్శకురాలిగా పడినది. అదే 1953లో మన భానుమతి ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో స్వయంగా దర్శకత్వం వహించి విడుదల చేశారు. శాంతకుమారి ఆ దారి తొక్కలేదు. దర్శకుని కుర్చీ పుల్లయ్యకే వదలి, ఆమె తన పనిని పాత్రలలో చేసుకొన్నారు.

ఆ పనికి నిదర్శనం 1955 నాటి ‘అర్ధాంగి’. మణిలాల్ బెనర్జీ వంగ నవలకు ఆచార్య ఆత్రేయ మాటలు కూర్చగా రాగిణీ వారు తీసిన చిత్రమిది. జమీందారు రెండవ భార్య రాజేశ్వరి తన కన్నకొడుకును గారాబంతో చెడగొడుతుంది, సవతి కొడుకు మందమతిగా పెరుగుచున్నా పట్టించుకొనదు. చదువుకొన్న కోడలు వచ్చి ఆ మందమతిని మనిషిని చేస్తుంది. రాజేశ్వరి శాంతకుమారి, సవతి కొడుకు అక్కినేని, కన్నకొడుకు జగ్గయ్య, కోడలు సావిత్రి. పదేండ్ల క్రితం ‘మాయాలోకం’లో తనతో సమంగా నటించిన అక్కినేనికి ఆమె ఇక్కడ సవతి తల్లి. తల్లికి 35 ఏండ్లు. తండ్రి వేషం వేసిన గుమ్మడికి 28, అనగా కొడుకు కంటె తండ్రి చిన్న! ఈ లెక్కలు తలచుకొంటే నవ్వు వచ్చును గాని, చిత్రం చూచునప్పుడు రావు. రాజేశ్వరిని రాక్షసిగా నటించడం సులభం. శాంతకుమారి ఆమెను ప్రేమ దారి తప్పిన తల్లిగా చూపారు. అందువల్లనే ఆ ఇల్లు చెడుచున్నప్పుడు ప్రేక్షకునికి కోపంతోపాటు జాలి కూడా కలుగుతుంది. ఆ ఏటి జాతీయ బహుమతులలో బి.ఎన్. రెడ్డి ‘బంగారుపాప’కు రాష్ట్రపతి రజతపతకం రాగా, ‘అర్ధాంగి’ యోగ్యతాపత్రం పొందినది.

తరువాత 1960. పుల్లయ్య తిరిగి వేంకటేశ్వరుని కథనే చేపట్టారు. పద్మశ్రీ వారి చిత్రం, పెండ్యాల సంగీతం. స్వామి పాత్రలో ఎన్.టి. రామారావు, పద్మావతిగా సావిత్రి, లక్ష్మీదేవిగా ఎస్. వరలక్ష్మి. పూర్వపు పద్మావతికి ఇందులో లభించినది వకుళమాత పాత్ర. పురాణ కథ ప్రకారం యశోద కృష్ణుని పెండ్లిళ్లు కన్నులార చూడలేకపోయినది. ఆ కొరత తీరడానికే ఆమె మరుజన్మలో వకుళయై, శ్రీనివాసుని పెంచి, ఆకాశరాజు వద్దకు పెండ్లి మాటలకు వెళ్ళినది. ఒకప్పుడు పెండ్లికూతురై కూర్చున్న నటి, అదే కథలో, అదే దర్శకుని ఎదుట, పిల్లనడుగబోయే తల్లి అయినది. రామారావు కంటె ఆమె మూడేండ్లు మాత్రమే పెద్ద.

ఈ చిత్రంలో ఎన్నదగిన విషయం మరొకటి ఉన్నది. 1960 నాటికి తెరపై నటీమణులు తమ పాట తామే పాడడం అరుదైపోయినది. నాయికలలో చాలమందికి పాడేది గాయనులే. వకుళమాతకు మాత్రం శాంతకుమారియే పాడుకొన్నారు. కొడుకు రాక కొరకు యుగాలుగా ఎదురుచూచే తల్లి పాట అది. నలువదేండ్ల కంఠంలో పదునారేండ్ల నునుపు ఉండదు. ఆ పాటలో వినబడే కొలదిపాటి బరువే, ఆ నిరీక్షణకు ప్రాణం. పెదవి కదలికకూ శ్వాసకూ ఎక్కడా ఎడం లేదు. పాడుచున్న మనిషియే ఎదురుచూచుచున్నదని వినువానికి నమ్మకం కలుగుతుంది. చెట్టు చాటు వాద్యగాండ్ర నాటి విద్య నేపథ్యగాన యుగంలో చేసిన పని ఇది.

అటుపిమ్మట ఆమె తల్లి పాత్రలకే అంకితమయ్యారు. 1962లో ‘సిరిసంపదలు’, 1970లో ‘తల్లా పెళ్ళామా’, 1971లో ‘ప్రేమనగర్’ చిత్రాలలోని ఆమెను చూచిన వారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. వారిలో చాలమందికి ఆమె పుట్టుకతోనే తల్లి అనిపించి ఉండవచ్చును. శశిరేఖ సంగతి వారికి తెలియదు.

పుల్లయ్య 1985 మే 29న కాలధర్మం చెందారు. తెలుగు చిత్రసీమకు సేవ చేసిన వారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పేర ఇస్తూ వచ్చిన పురస్కారం ఆయనకు 1981వ సంవత్సరానికే లభించినది. శాంతకుమారికి లభించినది 1999వ సంవత్సరానికి. ఒక ఇంటిలో కలసి పనిచేసిన ఇద్దరి పేర్లు ఆ జాబితాలో చేరడానికి 18 ఏండ్లు పట్టినది. ఆమె 2006 జనవరి 16న చెన్నైలో కన్నుమూశారు.