ఆరవ పౌలు పోపు బోధ: కరువు నేలలో సంఘ బాధ్యత

పండమేరు మీద విజయనగర కాలంలో కట్టిన చెరువుకు ఒకవైపు బుక్కరాయసముద్రం, మరొకవైపు అనంతపురం ఉన్నాయి. వానలు లేని ఏట వేరుశనగ ఎండిపోయి విశ్వాసులు బెంగళూరుకు వలస పోతారు. అప్పుడు కాపరి ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది: వాక్యపరిచర్య మాత్రమే సంఘం పనియా, లేక నీరు, కూలి, భూమి కూడా దాని పనియేనా? దీనికి ఆరవ పౌలు పోపు (1963-1978) ఇచ్చిన జవాబును ఈ వ్యాసంలో పరిశీలిస్తాము. ఆయన అధికారం క్రింద లేని సంఘాలకు కూడా అది ఉపయోగకరమని మా అభిప్రాయం.

మొదటిది, సంఘం. ఇరవైమూడవ యోహాను 1962లో ప్రారంభించిన రెండవ వాటికన్ మహాసభను ఆరవ పౌలు 1965లో ముగించారు. దాని ఫలితంగా లాటిన్‌కు బదులు ప్రజల భాషలు ఆరాధనలోకి వచ్చాయి. తెలుగు కతోలికులు తమ భాషలోనే పూజలో పాల్గొనగలిగారు. నాటి కర్నూలు, అనంతపురం జిల్లాలకు 1967లో కర్నూలు మేత్రాసనం ఏర్పడినది కూడా ఆయన కాలంలోనే.

రెండవది, సమాజం. 1964 డిసెంబరులో బొంబాయి వచ్చినప్పుడు, ఆయుధాల ఖర్చులో కొంత తగ్గించి నిరుపేదల కోసం నిధి ఏర్పరచాలని ఆయన దేశాలను కోరారు. 1967 మార్చిలో వెలువడిన 'పోపులోరుమ్ ప్రోగ్రెస్సియో' లేఖలో అభివృద్ధి అంటే ఆదాయం పెరగడం మాత్రమే కాదని, ప్రతి మనిషీ అన్ని విధాలా ఎదగడమని బోధించారు. ఆస్తిహక్కుకు కూడా హద్దు ఉన్నదన్నారు.

మూడవది, రాజకీయాలు. ప్రజాహితానికి అడ్డుపడే పెద్ద భూకమతాలను అవసరమైతే స్వాధీనం చేసుకోవచ్చని ఆ లేఖ చెప్పింది. అయితే తిరుగుబాటు సాధారణంగా కొత్త అన్యాయాలను పుట్టిస్తుందని కూడా హెచ్చరించింది. ఇది మార్క్సిజమేనని కొందరు విమర్శించారు.

పేదల పక్షాన నిలిస్తే ఎదురయ్యే చిక్కులు మన జిల్లాకు తెలియనివి కావు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేసిన యేసుసభ గురువు విన్సెంట్ ఫెర్రర్ రాజకీయ వ్యతిరేకత వలన 1968లో దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. 1969లో తిరిగి వచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. 1970లో యేసుసభను విడిచారు. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఇళ్ళు, బడులు, వైద్యం, నీటి పనులు చేపట్టింది. ఇది పోపు లేఖ ఫలితమని మేము అనడం లేదు. కాని పోపు లేఖలో లేవనెత్తిన ప్రశ్నలే ఈ నేలమీద ఆయనకూ ఎదురయ్యాయి.

అయితే అభివృద్ధియే సువార్తయా? 1975లో 'ఎవాంజెలీ నూన్షియాండీ' అనే ప్రబోధంలో ఆరవ పౌలు దీనికి జవాబిచ్చారు. సువార్తకూ మానవ విమోచనకూ విడదీయరాని సంబంధం ఉన్నది. అయినా ఆ రెండూ ఒకటే కావు. లూకా 4:18ని బోధించే మనకు ఈ భేదం ముఖ్యం. అవి ఒకటే అనుకుంటే సంఘం ఒక సేవాసంస్థగా మిగిలిపోతుంది, సహాయం మతమార్పిడికి ఎరగా మారే ప్రమాదమూ ఉన్నది. రెంటినీ విడదీస్తే, బోరు ఎండిన రైతుకు మన ప్రసంగంలో చోటుండదు.

కాబట్టి కాపరులు వాక్యాన్ని తగ్గించకుండానే గ్రామసభకు కూడా వెళ్ళాలి. దళితవాడకు నీళ్ళు ఎందుకు రాలేదని అడగాలి. వచ్చిన నీళ్ళు క్రైస్తవులకూ క్రైస్తవేతరులకూ సమానంగా అందేలా చూడాలి.