మీకు తెలుసా? ఒక రాత్రి కథ, నాలుగు సినిమాలు

కమల్‌హాసన్ 'చీకటి రాజ్యం' (2015) గుర్తుందా? దాని మూలం 2011 నాటి ఫ్రెంచ్ థ్రిల్లర్ 'న్యూయి బ్లాంష్'. కొకైన్ బ్యాగు కాజేసిన పోలీసు, ముఠా ఎత్తుకుపోయిన అతని కొడుకు, రాత్రంతా ఒక నైట్‌క్లబ్బు. కథ ఇంతే! కిక్కిరిసిన జనంలో, కత్తిపోటుతో హీరో పరుగులు తీస్తుంటే చూసేవాళ్లకు ఊపిరాడదు.

2017లో హాలీవుడ్ దీన్నే జేమీ ఫాక్స్‌తో 'స్లీప్‌లెస్'గా తీసి, క్లబ్బు బదులు లాస్ వెగాస్ క్యాసినో పెట్టింది. హంగు పెరిగింది, ఉక్కిరిబిక్కిరి తగ్గింది. మూలానికి మంచి పేరొస్తే, రీమేక్‌ను విమర్శకులు ఏకిపారేశారు. మూలం చూడనివాళ్లకైతే కాలక్షేపానికి ఢోకా లేదు లెండి. 2023లో షాహిద్ కపూర్ హిందీ 'బ్లడీ డాడీ' కూడా ఈ కథే. నాలుగింట్లో ఒక్కటే చూడాలంటే మాత్రం ఫ్రెంచ్‌దే చూడండి.