పాలమూరు ఉలవలు – ఏ పథ్యానికి ఎంతవరకు?

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలు 2016లో వేర్వేరు జిల్లాలైనాయి గాని, అక్కడి ఎర్ర చెలకల్లో వర్షాధారంగా ఉలవలు పండించే అలవాటు అనాదిగా వస్తున్నదే. ఉడికించిన కట్టును చారుగా కాచుకుని, గింజలను ఎడ్లకు దాణాగా పెట్టేవారు. నేడు అవే ఉలవలు మధుమేహులకు, బరువు తగ్గదలచినవారికి పథ్యంగా మారాయి. పథ్యమన్న పేరు వినగానే మితం మరచిపోతే ఏమవుతుందో మా ఇంటి అనుభవమే నాకు నేర్పింది.

వనపర్తిలో మా నాన్నగారికి మధుమేహం. అన్నం తగ్గించి, ప్రతి ఉదయం పచ్చి ఉలవ మొలకలు పెట్టాను. వారం తిరగకముందే కడుపులో మంట, పుల్లని త్రేన్పులు, ఉబ్బరం మొదలయ్యాయి. ఆయనది పిత్త ప్రకృతి అని గమనించకపోవడం నా పొరపాటు.

శాస్త్రం ఏమంటున్నది?

చరక సంహిత సూత్రస్థానం ఉలవలను 'కులత్థ' అన్నది. ఇవి వగరు రుచి, ఉష్ణ గుణం కలవి. కఫ వాతాలను హరిస్తాయి. దగ్గు, ఎక్కిళ్ళు, ఉబ్బసం, మొలలకు హితమైనవి. పాలతో కలిపి తినడం మాత్రం విరుద్ధాహారం. ఆధునిక లెక్క ప్రకారం 100 గ్రాముల ఎండు ఉలవల్లో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు, పిండిపదార్థం 57 గ్రాములు.

ఏ పథ్యానికి ఎలా?

సిరిధాన్యాలు తినేవారికి ఉలవలు చక్కని జోడు. ధాన్యంలో కొరవడిన లైసిన్‌ను పప్పుధాన్యం పూరిస్తుంది. జొన్నరొట్టెతో ఉలవపప్పు తినే మన పెద్దల అలవాటు సరియైనదే. ఉప్పు, నూనె మానినవారు ఉడికించిన మొలకలపై నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటబడుతుంది. బరువు తగ్గదలచినవారు వెన్న, మీగడ కలిపిన హోటలు ఉలవచారుకు దూరంగా ఉండాలి. పిండిపదార్థాన్ని దాదాపు మానివేసే కీటో పద్ధతికి ఇవి సరిపడవు.

తయారు చేసే విధానం

ఒక్కొక్కరికి 30 గ్రాముల ఉలవలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోయాలి. గుడ్డలో మూటకట్టి, మొలకెత్తిన తరువాత కుక్కరులో మెత్తగా ఉడికించాలి. జీలకర్ర, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టాలి. మాంసకృత్తులు అధికభాగం గింజలోనే నిలుస్తాయి గనుక కట్టు మాత్రమే తాగక గింజలూ తినాలి.

ఎవరు జాగ్రత్తపడాలి?

ఆమ్లపిత్తం, కడుపులో పుండ్లు, రక్తస్రావం ఉన్నవారు వీటిని మానడం మేలు. మూత్రపిండాల వ్యాధి గలవారు, గర్భిణులు వైద్యుని అడిగి వాడాలి. మూత్రంలో రాళ్ళకు ఉలవకట్టు ఇవ్వడం మన పాత వాడుక. కాని జ్వరం, తీవ్రమైన నొప్పి, మూత్రబంధం కనిపిస్తే కట్టు కాస్తూ కాలయాపన చేయరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మధుమేహులు ఉలవలు తింటున్నామని మందులు మానరాదు.

మా నాన్నగారు ఇప్పుడు వారానికి రెండుసార్లు ఉడికించిన ఉలవలను జొన్నరొట్టెతో తిని, పలుచని మజ్జిగ తాగుతారు. మంట మళ్ళీ రాలేదు. మాత్ర కూడా వేళకు వేసుకుంటూనే ఉన్నారు.