గంప ఎత్తినా కదలని పెట్ట

తెల్లవారి గంప ఎత్తగానే పెరటిలోకి ఉరకవలసిన పెట్ట రెక్కలు వాల్చి, కళ్లు సగం మూసి ఒక మూల నిలబడిపోతే, దోర్నపాల్ – కొంటా రహదారి మీది ఎర్రబోరులో అది చిన్న విషయం కాదు. దక్షిణ బస్తరులోని ఈ శబరి లోయ గ్రామాలలో పెట్ట అంటే ఇల్లాలి చేతి డబ్బు, కొలుపునాటి మొక్కుబడి, చుట్టానికి విందు, బిడ్డకు జ్వరం వస్తే మందు ఖర్చు. దానిని కోయాలా, సంతకు పంపాలా, ఆగి చూడాలా అన్నది ఆ పూటే తేల్చుకోవలసి ఉంటుంది.

నీరసమంతా రోగం కాదు. పొదుగుకు వచ్చిన పెట్ట కూడా మేత మరచి, కదలక మెదలక కూర్చుంటుంది. కాని చేయి చాపితే ఈకలు నిక్కించి పొడుస్తుంది. రోజుకు ఒకసారి లేచి, హడావుడిగా గింజలు తిని, నీరు త్రాగి, పెద్ద రెట్ట వేసి, మళ్లీ గుడ్ల వద్దకు పరుగెత్తుతుంది. జబ్బుపడిన కోడికి ఆ కోపమూ ఉండదు, ఆ తొందరా ఉండదు. తురాయి పాలిపోయి, ఒళ్లు తేలికపడితే కోడిని గాక గూటిని పరీక్షించాలి: కోళ్ల గోమార్లు పగలంతా పగుళ్లలో దాగి, రాత్రివేళ వచ్చి రక్తం పీలుస్తాయి.

ఆకుపచ్చని, తెల్లని నీళ్ల రెట్ట, నోరు తెరచి ఎగశ్వాస, ఆపైన మెడ మెలితిరగడం, కాళ్లూ రెక్కలూ పడిపోవడం – ఇవి తోడైతే అనుమానించవలసింది కొక్కెర తెగులును. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో గుర్తింపబడిన ఈ వైరస్ వ్యాధికి, మరుసటి ఏడు కుమావూఁ కొండలలో కనబడినందున, మన దేశంలో రాణీఖేత్ అన్న పేరు స్థిరపడింది. దానికి విరుగుడుగా వాడే టీకాలలో ఒకటి అదే కొండలలోని ముక్తేశ్వర్ ప్రయోగశాలలో తయారు కావడం విచిత్రమే.

కనుక ఇల్లాలు మొదట అడగవలసింది "దీనికేమైంది?" అని కాదు, "పక్కింటి కోళ్లు ఎలా ఉన్నాయి?" అని. ఒక్క పెట్టే డీలాపడితే గుడ్డు అడ్డుపడడమో, నులిపురుగులో కావచ్చు. నాలుగు వాకిళ్లలో ఒకేసారి కోళ్లు తూలుతుంటే ఆ వారం సంతకు ఏ కోడీ పోరాదు. చచ్చేలోగా నాలుగు రూపాయలు రాబట్టుకోవాలన్న ఆత్రం పేదరికంలో సహజమే. కాని తెగులు ఊరినుంచి ఊరికి ప్రయాణం చేసేది ఆ బుట్టలోనే, పందెం నుంచి తిరిగివచ్చిన పుంజుతోనే. పైగా మన దేశంలో 2006లో నవాపూర్‌లో తొలిసారి బయటపడిన బర్డ్ ఫ్లూ కూడా ఇలాగే మొదలు కావచ్చు. కోళ్లు మూకుమ్మడిగా చస్తుంటే కోసి వండక, పశువైద్యునికి కబురు పంపి, కళేబరాలను సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి.

కొక్కెర పట్టిన కోడికి మందు లేదు. టీకా ఉన్నది ఇంకా పట్టనివాటికే. అదీ ఒక్క ఇంటికి చాలేంత చిన్న సీసాలో రాదు. సీసాకు వంద మోతాదులో, అంతకు మించో ఉంటాయి. మంచులో ఉంచి తెచ్చిన ఆ మందును ఒకసారి కలిపితే గంటా రెండు గంటలలో వాడేయాలి. ఆ లోపల వాడంతటి కోళ్లనూ పట్టుకోవడం పట్టపగలు ఎవరి తరమూ కాదు. కనుక టీకా వేసే మనిషి తెల్లవారుజామునే, గంపలు ఎత్తకముందే రావాలి.